వయోలా పాట మీద ఎక్కి కూర్చున్న సెల్లో

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు మొదట చెప్పవలసిన సంగతి ఒకటుంది. సెల్లో అంటే మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే, మనిషంత వయోలిన్. విమానంలో దానికి కూడా టికెట్టు కొనాలి. దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి బెల్టు కట్టాలి. భోజనం మాత్రం పెట్టరు. ఇరవై తొమ్మిదేళ్లు ఈ దేశమంతా ఎగిరాను గాని, పైనుంచి రాకీ పర్వతాలు ఎలా ఉంటాయో నా సెల్లోకి తెలిసినంత నాకు తెలియదు.

రెండో సంగతి మనవాళ్ల గురించి. ఒట్టావా శివారు కనాటాలో ఎవరింటికి పార్టీకి వెళ్లినా ఒకటే సంభాషణ.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"సెల్లో వాయిస్తానండీ."

"అది సరేలే, ఉద్యోగం?"

"అదేనండీ ఉద్యోగం."

అడిగినాయన మంచినీళ్లు వెతుక్కుంటూ వెళ్లిపోయేవారు. తర్వాత పక్కనున్న ఆంటీ జాలిపడి, "పేరేమో మురళి, వాయించేదేమో అంత పెద్ద డబ్బా!" అని నవ్వి, ఇంకో రెండు గారెలు నా ప్లేటులో వేసేవారు. ఈ వృత్తిలో జాలి వల్ల దొరికే గారెలు చాలా ఎక్కువ. వద్దనకండి.

నాకు పదకొండేళ్లప్పుడు మా నాన్నగారికి కనాటాలో టెలిఫోను ఇంజినీరు ఉద్యోగం వచ్చి ఇక్కడికి వచ్చాం. స్కూల్లో వాయిద్యాలు పంచుతున్న రోజు అందరూ చిన్నవి తీసేసుకున్నారు. మూలన సెల్లో మిగిలింది. మోయగలిగిన పొడుగు నాకుంది. ఇంతకు మించిన దైవప్రేరణ ఏమీ లేదు. మా అమ్మ మాత్రం, "వయోలిన్ అయితే కచేరీలో గాయకుల పక్కన కూర్చునేవాడివి కదరా," అని చాలాకాలం బాధపడింది.

ఇప్పుడు నాకు యాభై ఆరు. ఎడమచేతి ఉంగరపు వేలు వంగడం మానేసి రెండేళ్లయింది, దానితో వృత్తీ ముగిసింది. నేను ఎక్కడెక్కడ వాయించాను, ఎవరు శాలువా కప్పారు అన్నది రాయను. నేను చేసిన ఒక తప్పు రికార్డు రూపంలో పదిహేడేళ్లుగా లోకంలో తిరుగుతోంది. అది తప్పని తెలియక చాలామంది మెచ్చుకున్నారు. తెలిసిన నేను నోరు మూసుకున్నాను. దానివల్ల ఒకావిడ తనకు రావలసినదాన్ని పోగొట్టుకుంది. అది రాయడానికే కూర్చున్నాను. మిగతాది దారిలో వచ్చే ముచ్చట్లు.

మరుగున పడ్డవన్నీ మాణిక్యాలు కావు

మేం నలుగురం, ఇలాంటి జట్టునీ దానికోసం రాసే సంగీతాన్నీ కూడా క్వార్టెట్ అనే అంటారు. రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక సెల్లో. వయోలా అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. అది వయోలిన్‌కి అక్క. కొంచెం పెద్దది, గొంతు కొంచెం కిందిది, ఇంటి పనంతా తనే చేస్తుంది. పెళ్లిచూపుల్లో మాత్రం అందరూ చెల్లెల్నే చూస్తారు.

మొదటి వయోలిన్ డంకన్, మా బాసు. వాళ్ల తాతలు ఎప్పుడో స్కాట్లండ్ నుంచి ఓడలో వచ్చారు. ఈయన ఇంకా ఆ ఓడ దిగనట్టే మాట్లాడేవాడు. రెండో వయోలిన్ పియర్, మాంట్రియల్ మనిషి. వయోలా మోయిరా. నాకంటే పదేళ్లు పెద్ద, కేప్ బ్రెటన్ దీవిలో చేపలు పట్టేవాళ్ల కుటుంబం నుంచి వచ్చింది.

మేం వాయించేది బ్రిటన్‌లో వందేళ్ల కిందట రాసి, ఒకటి రెండుసార్లు వాయించి, ఆపై అందరూ మరిచిపోయిన సంగీతం. అదే ఎందుకు అంటే పత్రికలవాళ్లకు డంకన్ ఒక గంభీరమైన జవాబు చెప్పేవాడు. అసలు జవాబు వేరు. అందరికీ తెలిసిన సంగీతాన్ని మాకంటే బాగా వాయించేవాళ్లు మాకంటే ముందే వాయించేశారు. మాకు మిగిలింది ఇది.

పియర్‌కి దీనిమీద ఎప్పుడూ కోపమే. "ఇంగ్లీషువాళ్లే వినని ఇంగ్లీషు సంగీతాన్ని క్యూబెక్ ఫ్రెంచివాడూ ఆంధ్రావాడూ కలిసి బతికించాలా? వాళ్లు మన రెండు జాతులకూ ఇప్పటిదాకా చేసింది చాలలేదా మురళీ?" అనేవాడు. అంటూనే శృతి సరిచేసుకునేవాడు.

నిజం చెబుతాను. ఇలా మరుగున పడ్డవి పది తీస్తే అందులో ఆరు వానగురించి ఉంటాయి. రెండింటిలో ఆవులుంటాయి. ఒకటి వానలో తడుస్తున్న ఆవు. పదోది మాత్రం మీ చేత్తో దుమ్ము తుడిచిన క్షణం నుంచి మిమ్మల్ని పడుకోనివ్వదు. ఆ పదోదాని కోసం మిగతా తొమ్మిదీ వాయించాలి. ఏది పదోదో ముందుగా చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. లోకం అన్యాయంగా మరిచిపోయిందని ప్రతి దుమ్ము కాగితం మీదా కన్నీళ్లు కార్చకండి. చాలావాటి విషయంలో లోకం సరైన నిర్ణయమే తీసుకుంది.

ఒకసారి ఒంటారియోలో ఒక చిన్న ఊరి చర్చిలో వాయించాం. విరామంలో సూపు ఇచ్చారు. ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఇంకా సగం ఉందా నాయనా?" అని అడిగింది. ఆ గొంతులో ఉన్న సానుభూతి నాకు మా సొంతవాళ్ల దగ్గర కూడా దొరకలేదు.

డంకన్ పెన్సిలు

డంకన్ కోపిష్టి, స్వార్థపరుడు, ఎవరి పుట్టినరోజూ గుర్తుండేది కాదు. అయినా నేను నేర్చుకున్న పనిలో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే. రిహార్సల్‌లో పెన్సిలు ఎత్తి ఆపేవాడు. "ఇక్కడ పాట ఎవరిది?" అని అడిగేవాడు.

మన భాషలో చెప్పాలంటే, ఏ క్షణానికైనా నలుగురిలో ఒకరు విస్తరి ముందు కూర్చుంటారు. మిగతా ముగ్గురూ వడ్డించాలి. వడ్డించేవాడు వచ్చి ఆ విస్తరి ముందు కూర్చుంటే భోజనం చెడుతుంది. డంకన్ ఈ ప్రశ్నను రోజుకు వందసార్లు అడిగేవాడు. తన పాట కాదని తేలినప్పుడు మాత్రం పెన్సిలు విరిచేవాడు. బాసులు చెప్పిన మంచి మాటను తీసుకోండి. దాన్ని ఆ బాసు పాటిస్తున్నాడా అని చూడటం మొదలుపెడితే ఈ జన్మలో ఏమీ నేర్చుకోలేరు.

ఈ లోకంలో వయోలావాళ్ల మీద జోకులు వేయడం ఒక ఆచారం. ఎందుకో ఎవరికీ తెలియదు. అందరూ వేస్తారు కాబట్టి వేస్తారు. ఒక చలికాలం ఉదయం మోయిరా ఆలస్యమైంది. డంకన్ గడియారం చూసి, "మొదలుపెడదామా? వయోలా లేదని ఎవరికైనా తెలుస్తుందా?" అన్నాడు. మేం నవ్వుతుండగానే మోయిరా తలుపు తీసి, బూట్ల మీద మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చింది.

"నేను లేకపోతే నీ శృతి ఎంత దూరం పోతుందో తెలుసా డంకన్? పార్కింగ్‌లో నా కారు దగ్గర తిరుగుతోంది. పట్టుకొచ్చాను, తీసుకో."

జోకులకు మోయిరా ఎప్పుడూ ఇలాగే జవాబిచ్చేది. అందుకని అవి ఆమెకు తగలవనుకున్నాం. తగలవని అనుకోవడం మాకు సదుపాయంగా ఉండేది.

హీటరు ఆపిన మూడు రోజులు

ఆ పదోది మాకు దొరికింది. ఆగ్నెస్ థార్న్‌బీ అనే ఇంగ్లీషావిడ రాసిన క్వార్టెట్. ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పుకుని బతికి, పెళ్లి చేసుకోకుండా, పేరు తెచ్చుకోకుండా పోయిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రాసింది. మాకు దొరికినవి నలుగురు వాయించడానికి విడివిడిగా చేత్తో రాసిన నాలుగు కట్టలు. నాలుగూ ఒకే చోట కనబడే అసలు ప్రతి పోయిందన్నారు.

ఇక్కడ ఒక చిన్న విషయం వివరించాలి, దానిమీదే అంతా నడిచింది. పాశ్చాత్య సంగీతం రాసే ఐదు గీతల ముందు ఒక గుర్తు వేస్తారు. గుర్తును బట్టే చుక్క ఏ స్వరమో తెలుస్తుంది. సెల్లోకి మామూలుగా కింది స్థాయి గుర్తు ఉంటుంది. అప్పుడప్పుడు వయోలిన్‌కి వాడే గుర్తు వేస్తారు. పాతకాలంలో సెల్లోవాడి కాగితం మీద ఆ వయోలిన్ గుర్తు కనబడితే, రాసినదానికంటే ఒక స్థాయి కింద వాయించాలని ఆనవాయితీ. తర్వాత ఆ ఆనవాయితీ పోయింది, రాసినచోటే వాయించడం వచ్చింది. మధ్యకాలంలో రాసినవాటిలో ఏది అనుకున్నారో కాగితం చెప్పదు. మనమే చుట్టూ చూసి తెలుసుకోవాలి. నాకిది తెలియక కాదు. నాకు పాఠం చెప్పిన ముసలాయన మొదటి సంవత్సరమే చెప్పాడు.

థార్న్‌బీ రెండో భాగం నెమ్మదిగా నడుస్తుంది. దాని మధ్యలో నా కాగితం మీద ఆ వయోలిన్ గుర్తు వచ్చింది. రాసినచోటే వాయిస్తే అది తారస్థాయిలో, గదిలో అందరికంటే పైన, సన్నగా, వెండితీగలా సాగుతుంది. సెల్లోవాళ్లకు అలాంటి చోటు ఎప్పుడో గాని దొరకదు. నా వేళ్లు అక్కడ బాగా పలుకుతాయని నాకు తెలుసు. మొదటి రిహార్సల్ నుంచే దాన్ని నాదనుకున్నాను.

రికార్డింగ్ ఒట్టావా బయట ఒక పాత చర్చిలో మూడు రోజులు. హీటరు చప్పుడు మైకులో పడుతుందని ఆపేశారు. బయట మంచు ఎత్తే బండి వెళ్లిన ప్రతిసారీ అందరం ఆగి, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. రెండో రోజు మధ్యాహ్నం ఆ చోటికి వచ్చాం. మోయిరా తీగల మీదినుంచి విల్లు దించింది.

"మురళీ, అది పాత గుర్తు. కింద వాయించాలి. రిహార్సల్స్‌లో నాలుగుసార్లు చెప్పాను."

"ఇరవయ్యో శతాబ్దంలో రాసింది కదా మోయిరా. ఆ పాత అలవాటు ఆవిడకెందుకుంటుంది?"

"ఆవిడకి నేర్పినవాళ్లు ముసలివాళ్లు కాబట్టి. నా కాగితం చూడు. ఇక్కడ పాట నాది. నువ్వు నా పాట మీద ఎక్కి కూర్చున్నావు."

"వయోలాకి ఇంత పెద్ద పాట ఎవరు రాస్తారు?" అన్నాను. పియర్ నవ్వాడు. నేనూ నవ్వాను.

"వయోలా వాయించే ఆవిడ రాస్తుంది," అంది మోయిరా. "ఆగ్నెస్ థార్న్‌బీ వాయించినదేమిటనుకున్నావు, ట్రంపెట్టా?"

డంకన్ పెన్సిలు ఎత్తాడు. "సరే. రెండు రకాలుగానూ రికార్డు చేద్దాం. విని తేలుద్దాం. ముందు కింద."

ఇప్పుడు రాయబోయేది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కింద వాయించమన్నప్పుడు కావాలనే చెడగొట్టాను. తప్పులు చేయలేదు. తప్పు చేస్తే ఆపి మళ్లీ వాయించమంటారు. స్వరాలన్నీ సరిగానే వేశాను, వెంట్రుకవాసి తక్కువ శృతిలో. విల్లులో బరువు లేకుండా, వేలిలో కంపనం లేకుండా, రేషన్ క్యూలో నిలబడ్డవాడిలా వాయించాను. పక్కవాళ్లు ఎంత బాగా వాయించినా కింద నేల అలా చచ్చిపడి ఉంటే పాట లేవదు. తర్వాత పై స్థాయిలో వాయించమన్నారు. ప్రాణం పెట్టి వాయించాను. రెండూ విన్నాం. డంకన్ నిమిషం కూడా ఆలోచించలేదు.

"పైదే."

మోయిరా తన కాగితం మీద ఏదో గుర్తు చెరిపింది. మధ్యాహ్నమంతా నాకు వెనకపాట వాయించింది.

చెయ్యెత్తడం

రికార్డు బాగా అమ్ముడుపోయింది. మా లెక్కలో బాగా పోవడమంటే ఏమిటో మీకు తెలుసు గనుక ఎక్కువ ఊహించుకోకండి. కాని ఆ రెండో భాగాన్ని రేడియోలో తరచు వేసేవారు. సమీక్షలు రాసినవాళ్లందరూ ఆ పై స్థాయి చోటునే పట్టుకున్నారు. సంగీతం నేర్చుకునే పిల్లలు నా వేళ్లు ఎలా వెళ్లాయో చూసి కాపీ చేశారు. మిస్సిసాగాలో ఒక అంకుల్ దాన్ని రోజూ పొద్దున్నే ధ్యానానికి పెట్టుకుంటున్నానని చెప్పారు. "ఆత్మ అలా పైకి వెళ్లిపోతుందయ్యా," అన్నారు. వెళ్లకూడని చోటికి వెళ్లిందని ఆయనకెలా చెప్పను?

మోయిరా అడిగింది ఒకటే. రికార్డుతో వచ్చే చిన్న పుస్తకంలో, ఈ చోటు విషయంలో సందేహం ఉంది అని ఒక వాక్యం రాయమంది. డంకన్ ఒప్పుకోలేదు. అయితే కచేరీల్లో దాన్ని అలా వాయించనంది. ఒక శనివారం ఉదయం రిహార్సల్ గదిలో డంకన్, కచేరీల్లో కూడా రికార్డులో ఉన్నట్టే వాయించాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. అంటే మోయిరా ఉండాలా వద్దా అని అందరికీ తెలుసు.

డంకన్ ఎత్తాడు. పియర్ కాసేపు కిటికీలోంచి బయటికి చూసి ఎత్తాడు. అప్పటికే ఇద్దరు. నేను ఎత్తకపోయినా బాసు మాటే నెగ్గుతుంది. కాబట్టి ఎత్తకుండా ఉండవచ్చు. ఎత్తాను.

మోయిరా వయోలాను పెట్టెలో పెట్టింది. నేను ఎప్పుడో అరువిచ్చిన పెన్సిలు తీసి నా ముందున్న కాగితాల మీద పెట్టింది. వెళ్లిపోయింది. కింగ్‌స్టన్‌లో బడిపిల్లలకు పాఠాలు చెబుతోందని తర్వాత తెలిసింది. ఆమె స్థానంలో వచ్చినవాడు చెప్పినట్టు మెత్తగా వాయించేవాడు. వాడి మీద మేం జోకులు కూడా వేయలేదు.

తొమ్మిదేళ్ల కిందట నాకొక ఈమెయిలు వచ్చింది. ఇంగ్లండులో ఒక చిన్న ఊరి లైబ్రరీలో పనిచేసే ఆవిడ రాసింది. థార్న్‌బీ పాఠాలు చెప్పిన బడి మూసేస్తుంటే బీరువాలో అసలు ప్రతి దొరికిందట. మా రికార్డు అంటే తనకు ఎంతో ఇష్టమట. అందుకని ఆ రెండో భాగం ఫొటోలు పంపింది. ఆ చోటు చూశాను. సెల్లో గీతల మీద మామూలు గుర్తే ఉంది, సందేహానికి వెంట్రుకవాసి చోటు లేకుండా, ఒక స్థాయి కింద. పైన వయోలా గీతల మీద ఎర్ర సిరాతో, పాడుతున్నట్టు వాయించాలి అని ఆవిడ స్వయంగా రాసి ఉంది.

ఆ లైబ్రరీ ఆవిడకు, "థాంక్యూ, చాలా ఆసక్తికరంగా ఉంది," అని జవాబు రాశాను. డంకన్‌కి పంపలేదు. మోయిరాకి పంపలేదు. కంప్యూటర్లో "తర్వాత" అని పేరున్న ఒక ఫోల్డర్ ఉంది. అందులో పడేశాను. మీకూ ఒకటి ఉండే ఉంటుంది.

అప్పుడు పొగరుతో చేసింది ఒక తప్పు. ఇది పొగరు కూడా కాదు. ఒళ్లు వంగకపోవడం.

సహస్ర ఫోను

నేను వాయించడం మానేశాక, ఈ చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం సహస్ర ఫోన్ చేసింది. మిస్సిసాగాలో పెరిగిన మన అమ్మాయి, ఇరవై ఐదేళ్లు, మాంట్రియల్‌లో ఒక క్వార్టెట్‌లో సెల్లో వాయిస్తుంది. వాళ్ల నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ప్రతి పార్టీలో ఆ పిల్ల తరఫున "అదేనండీ ఉద్యోగం" అని చెప్పుకుంటున్నారు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.

"అంకుల్, మేం థార్న్‌బీ రికార్డ్ చేస్తున్నాం. మూడు వారాల్లో. ఆ హై ప్యాసేజ్‌కి మీ ఫింగరింగ్ చెప్తారా?"

"ఎలా వస్తోంది?"

"నోట్స్ వస్తున్నాయి అంకుల్. బట్ ఎంత సాఫ్ట్‌గా వాయించినా నేను మా వయోలాని తొక్కేస్తున్నా. తను ఏమో చాలా బ్యూటిఫుల్‌గా ఏదో వాయిస్తోంది, ఎవరికీ వినపడట్లేదు. నాదే ప్రాబ్లమ్ అనుకుంటా."

ఇరవై ఐదేళ్ల పిల్ల రెండు వారాల ప్రాక్టీసులో విన్నది నేను వినకుండా పదిహేడేళ్లు గడిపాను.

అదే వారం ఇంకో ఉత్తరం కూడా వచ్చి ఉంది. థార్న్‌బీ క్వార్టెట్‌ను మొదటిసారి అచ్చువేస్తున్న ఇంగ్లండు సంపాదకుడు, విడి కాగితాలూ మా రికార్డూ పెట్టుకుని పనిచేస్తున్నాడు. ఆ చోటు మీరు వాయించినట్టే వేస్తున్నాం, సరే కదా అని అడిగాడు. నేను సరే అంటే చాలు. ఆపైన వాయించే ప్రతివాడికీ నా తప్పే శాసనం. మోయిరా పాట ఇక ఎవరికీ వినపడదు.

"నీ ప్రాబ్లమ్ కాదమ్మా," అన్నాను. మొత్తం చెప్పాను. చెడగొట్టి వాయించింది కూడా చెప్పాను.

"సీరియస్లీ, అంకుల్?"

"సీరియస్‌గానే."

"మరి ఆంటీకి చెప్పారా?"

"ఏ ఆంటీ?"

"మోయిరా ఆంటీ. నాకు చెప్పడమేంటి? ఫస్ట్ ఆవిడకి కదా చెప్పాలి."

సంపాదకుడికి ఆ ఫొటోలు ఆ రోజే పంపించాను, మా రికార్డు తప్పని రాసి. పదిహేను నిమిషాల పని. తొమ్మిదేళ్లు వాయిదా వేసిన పనులు చాలావరకు పదిహేను నిమిషాలవే అవుతాయి.

డంకన్‌కి ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు పసిఫిక్ ఒడ్డున ఉంటున్నాడు. మొదటిసారి కావాలనే చెడగొట్టానని చెప్పాను.

"తెలుసు," అన్నాడు. "చెవులున్నవాడికెవడికైనా తెలుస్తుంది. నాకూ పైదే కావాలి. కావలసింది దొరికినప్పుడు ఎలా దొరికిందని అడగలేదు."

బాసుల గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క మాటలో ఉంది. వేరే రాయను.

కింగ్‌స్టన్‌లో వంటగది

మోయిరా వంటగదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అరవై ఆరేళ్లు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేను వచ్చిన పని ఎలా మొదలుపెట్టాలో తెలియక, కారు నడిపేవాడు గేరు వెతికినట్టు చెంచాతో కప్పులో తిప్పుతూ కూర్చున్నాను.

"చెప్పు. ఇంత దూరం చక్కెర కలపడానికి రాలేదు కదా."

ఆ రోజు కింద వాయించినప్పుడు కావాలనే చెడగొట్టానన్నాను. మోయిరా నవ్వింది.

"తెలుసు. నీ పక్కనే కూర్చున్నాను. నీ విల్లు చచ్చిన చేపలా కదిలింది. మా ఊళ్లో చచ్చిన చేపను రేవు అవతల నుంచే గుర్తుపడతారు."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"అంటే ఏమంటారు? వయోలావాళ్ల మీద ఇంకో జోకు అవుతుంది." టీ తాగింది. "దాన్ని ఎప్పుడో వదిలేశాను మురళీ. గొప్పకు పోయావు. అందరూ పోతారు. ఇందుకేనా వచ్చింది?"

అక్కడితో లేచి వచ్చేసి ఉంటే క్షమించేసిందని రాసుకుని సంతోషపడేవాణ్ని. సహస్ర ఫోను సంగతి చెప్పి, ఫొటోలు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఆ ఎర్ర సిరా మాటలు చదివింది. వేలితో తన గీత వెంట చివరిదాకా వెళ్లింది. ముఖం వెలిగింది.

"ఇది ఎప్పుడు దొరికింది?"

"తొమ్మిదేళ్లయింది."

"ఎవరికి?"

"నాకు పంపారు."

ఆమె లేచింది. నా ముందున్న కప్పు, సగం టీ ఉండగానే తీసుకుని, సింకులో పారబోసి, కడిగి, తుడిచి అరలో పెట్టింది. నావైపు తిరగకుండానే మాట్లాడింది.

"తొమ్మిదేళ్ల కిందట నాకు యాభై ఏడు. భుజం బాగుంది. ఇది వాయించగలిగేదాన్ని. ఎవరో నలుగురిని పోగుచేసి ఈ ఊరి చర్చిలోనైనా వాయించేదాన్ని. ఇప్పుడు ఈ చెయ్యి దువ్వెన పట్టుకోవడానికే లేవదు."

క్షమించమని అడిగితే ఆమెను ఇంకో పని చేసిపెట్టమన్నట్టు ఉంటుంది. కోటు వేసుకున్నాను. బూట్లు తొడుక్కుంటుంటే తలుపు దగ్గరికి వచ్చింది.

"ఆ పిల్ల ఎక్కడ రికార్డు చేస్తోంది?"

"మాంట్రియల్. వచ్చే వారం."

"వయోలా వాయించేది ఎవరు?"

"సహస్ర స్నేహితురాలు. చిన్నదే."

"ఆ పాటలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దానికి ఎవరు చెప్తారు? నువ్వా?" కాసేపు బయట మంచును చూసింది. "నన్ను తీసుకెళ్లు. కారులో మాట్లాడకు."

మాంట్రియల్

వెనక సీట్లో కూర్చుంది. మూడు గంటలు టాక్సీ డ్రైవరులా నడిపాను. దారిలో కాఫీ కోసం ఆగితే తన కాఫీ తనే తెచ్చుకుంది, నాకు తేలేదు.

ఆ సాయంత్రం వాళ్ల రిహార్సల్ ఒక పాత బడి భవనంలో. సహస్ర తలుపు దగ్గరే ఎదురొచ్చింది. కంగారులో నోటికొచ్చింది తెలుగు.

"నమస్తే ఆంటీ."

మోయిరా ఆ పిల్లను పైనుంచి కింది దాకా చూసింది. "వయోలాని తొక్కుతున్నావని నీకెవరైనా చెప్పారా, లేక నీకే తెలిసిందా?"

"నాకే అనిపించిందండీ," అంది సహస్ర ఇంగ్లీషులో.

"అయితే పద." గుమ్మం దగ్గర నావైపు తిరిగింది. "నువ్వు బయట."

నడవాలో పిల్లలు కూర్చునే చిన్న బెంచీ ఒకటి ఉంది. మోకాళ్లు గడ్డానికి తగిలేలా దానిమీద కూర్చున్నాను. తలుపు మందంగా ఉంది. మొదట మోయిరా గొంతు, మాటలు తెలియకుండా. వయోలా ఒక గీత వాయించి ఆగింది. మళ్లీ అదే గీత. మోయిరా ఏదో పాడి చూపించింది, బొంగురు గొంతుతో. మళ్లీ వాయించారు. ఇలా గంట గడిచింది. తర్వాత నలుగురూ కలిసి మొదలుపెట్టారు.

ఆ రెండో భాగాన్ని నేను ఎన్నిసార్లు వాయించానో లెక్కలేదు. అందులో ఈ పాట ఉందని నాకు తెలియదు. నిదానంగా బయలుదేరి, ఇంట్లో ఎవరూ లేరనుకుని తనలో తాను పాడుకునే మనిషిలా, ఎక్కడా గొంతు పెంచకుండా, అడగవలసినదంతా అడిగి, జవాబు రాకముందే పని చూసుకోవడానికి వెళ్లిపోయింది. ఆగ్నెస్ థార్న్‌బీ దాన్ని తన కోసమే రాసుకుని ఉంటుంది. ఆవిడ వాయించిందో లేదో ఎవరికీ తెలియదు. మోయిరా వాయించినా నేను దాన్ని వినపడనివ్వలేదని మాత్రం నాకు తెలుసు.

తలుపు తెరుచుకుంది. మోయిరా కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. స్కార్ఫు చుట్టుకుంటూ నా ముందునుంచి మెట్లవైపు నడిచింది. కారులో మాట్లాడవద్దంది గాని నడవా గురించి ఏమీ అనలేదు కదా అని ధైర్యం చేశాను.

"మోయిరా, సెల్లో ఎలా వాయించింది?"

ఆగింది. వెనక్కి తిరగలేదు.

"వినపడనే లేదు," అంది. "అంత బాగా వాయించింది."